ఏటి ట్రౌట్‌కి డ్రై ఫ్లైయా, నింఫా? అసలు ఆనందం ఎందులో?

ఎగువగట్టు:
ఏటిలోనే గుడ్డులోంచి బయటపడి, ఆ నీటిలోనే పెరిగిన ట్రౌట్ చేప గురించే ఈ చర్చ. హేచరీలో పెంచి వదిలిన చేప సంగతి వేరు. నా మాట సూటిగా చెబుతాను. ఈ చేపని పట్టడంలో ఉన్న సుఖమంతా నీటిమీద తేలే డ్రై ఫ్లైలోనే, అంటే రెక్కల పురుగులా కట్టిన గాలంలోనే ఉంది. చేప ఎక్కడ లేస్తోందో చూడాలి, ఏ పురుగు తింటోందో పోల్చుకోవాలి, దానికి రెండు మూడు అడుగుల ఎగువన ఫ్లై దించాలి. అది తేలుతూ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి ఆగాలి. నీటి లోపలి పిల్ల పురుగులా కట్టి ముంచే నింఫ్‌తో ఏముంది? బరువు పూస అడుక్కి జారవిడిచి, దారం కదిలితే లాగడమే కదా.

నునుపురాయి:
"దారం కదిలితే లాగడమే" అన్న దగ్గరే మీతో పేచీ అండీ. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే దొరుకుతుంది. మేఫ్లై అనే ఏటి పురుగుల్లో చాలా రకాలు నెలల తరబడి రాళ్ల కింద నింఫ్‌గా బతికి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులకే పోతాయి. మరి చేప మిగతా కాలమంతా ఏం తింటుంది?

పైగా అది తేలిక పని కాదు. రాళ్ల ఒరిపిడి వల్ల అడుగు నీరు పైనీటి కంటే నెమ్మదిగా పోతుంది. లైన్ (రాడ్ నుంచి వచ్చే లావు దారం) పైనీటిలో పడితే నింఫ్‌ని ఈడ్చుకుపోతుంది, చేప దాన్ని పట్టించుకోదు. అందుకే లైన్‌ని నీటికి పైనే ఉంచే 10 అడుగుల రాడ్, 2 లేదా 3 వెయిట్ (బాగా తేలికైన) లైన్. నీటిలోకి దిగేది 6ఎక్స్ టిప్పెట్ (గాలం కట్టే చివరి సన్నటి దారం) ఒక్కటే. దాని మందం 0.13 మి.మీ., సన్నగా ఉంటుంది కాబట్టి త్వరగా మునుగుతుంది. దానికి పైన రంగుల సైటర్ (కదలిక కంటికి తెలిపే దారం ముక్క) నీటికి తగలకుండా నిలవాలి. మోకాలి లోతుకి 2.5 మి.మీ. టంగ్‌స్టన్ పూస చాలు, నడుము లోతు వడికి 3 మి.మీ. పైనే కావాలి. అడుగు ఎప్పుడూ తగలకపోతే బరువు చాలలేదు. ప్రతి విసురుకీ రాయి పట్టుకుంటుంటే ఎక్కువైంది.

చేప నింఫ్‌ని నోట్లోకి తీసుకుని ఉమ్మేయడానికి సెకను కూడా పట్టదు. ఆ లోపల సైటర్ వాలు కాస్త మారుతుంది, లేదా నీటితో పాటు సాగాల్సింది ఒక్క క్షణం నిలుస్తుంది. కంటికి కనబడని చేపని ఆ చిన్న తేడాతో పసిగట్టడం కంటే పెద్ద సంతోషం ఏముందో చెప్పండి.

మేఫ్లై 14:
ఈ పేచీ పాతదే. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో, టెస్ట్, ఇచెన్ నదుల పట్టున, 19వ శతాబ్దం చివర్లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ డ్రై ఫ్లైని ఒక నియమంలా నిలబెట్టాడు. ఆ నీటిలోనే నింఫ్ కూడా న్యాయమైన పద్ధతేనని జి.ఇ.ఎం. స్క్యూస్ వాదించాడు. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీనిమీద చర్చే పెట్టారు. అయితే అవి సుద్దరాతి ఊటల నదులు. నీరు తేట, ప్రవాహం నిలకడ, పురుగు మెండు. కొండ రాళ్ల మీద దూకే ఏటికి ఆ నియమం అతకదు.

ఎగువగట్టు గారికి ఒక ప్రశ్న. చేప లేచిన చోట బుడగ మిగిలిందా, లేదా? బుడగ ఉంటే సాధారణంగా అది పైపొర మీది పురుగుని గాలితో సహా మింగినట్టు. బుడగ లేకుండా వీపు, తోక మాత్రమే కనబడితే తింటున్నది పైపొర కింద ఇంకా పొట్టు విడుస్తున్న పురుగుని. అప్పుడు ఎత్తుగా తేలే ఫ్లై గంటసేపు వేసినా లాభం లేదు. సగం మునిగే ఎమర్జర్ కట్టాలి. అది డ్రైయా, నింఫా?

ఎగువగట్టు:
ఎమర్జర్‌ని నేను డ్రై లెక్కలోనే వేస్తాను, చేప తీసుకోవడం కళ్లకి కనబడుతుంది కాబట్టి. దానికి సీడీసీ ఈక (బాతు తోక దగ్గరి మెత్తటి ఈక) వాడితే తేలడానికి రాసే జెల్ రాయకండి, సన్నటి పోగులు అతుక్కుపోయి మునుగుతుంది. పొడి మందు చల్లి దులిపితే చాలు.

నునుపురాయి గారు డ్రైని తేలిక అనుకుంటున్నట్టుంది. 30 సెం.మీ. లోతున నిలిచిన చేపకి పైలోకం కనబడేది సుమారు 68 సెం.మీ. వెడల్పున్న గుండ్రటి కిటికీలోంచే. చేప పైకి జరిగేకొద్దీ ఆ కిటికీ చిన్నదవుతుంది. ఫ్లై జానెడు పక్కకి పోయినా వృథా. సరిగ్గా పడినా, మధ్యలో వడి ఎక్కువుంటే లైన్ విల్లులా వంగి ఫ్లైని గుంజుతుంది, వెనక సన్నటి గీత పడుతుంది. ఆ గీత చూసిన పెద్ద చేప మళ్లీ లేవదు. లైన్ గాలిలో ఉండగానే రాడ్ కొసని ఎగువకి వాల్చాలి. 9 అడుగుల లీడర్‌కి (లైన్ కొసన కట్టే సన్నటి దారానికి) ఇంకో 3 అడుగుల 5ఎక్స్ టిప్పెట్ కలిపితే అది వదులుగా పడి మరికొన్ని క్షణాలు దొరుకుతాయి. ఇక చేప తీసుకున్నాక తల దించేదాకా చెయ్యి కదపకూడదు. డ్రైతో చేప పోయేది ఎక్కువగా ఈ తొందర వల్లే.

నునుపురాయి:
కిటికీ లెక్క ఒప్పుకుంటాను. కానీ నీటిమీద ఒక్క పురుగూ లేని మధ్యాహ్నం ఏం చేస్తారు?

ఎగువగట్టు:
గట్టున కూర్చుని చూస్తాను. నీడలో, కొమ్మ కింద ఒక్క చేప లేచినా చాలు.

మేఫ్లై 14:
కూర్చోలేని వాళ్లు 14 సైజు డ్రై కొక్కెం వంపుకి 50 సెం.మీ. టిప్పెట్ కట్టి, కింద పూసలేని, ఇంకా చిన్నదైన 16 సైజు నింఫ్ వేలాడదీయండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడి ముడి రాపిడికి వేడెక్కి అక్కడే తెగుతుంది. డ్రై మునిగినా, పక్కకి జరిగినా ఎత్తండి. పైనున్నదాన్నే చేప తీసుకుంటే మాత్రం ఎగువగట్టు గారు చెప్పినట్టు ఆగండి.