కంపెనీ నడిపినాయన మంత్రి శాఖ నడపగలడా? మెక్‌నమారా సంగతే తీసుకుందాం

పెన్నా_అనంతపురం:
ఎన్నికలొస్తే చాలు, "కంపెనీలు నడిపినోళ్లకు శాఖలిస్తే దారికొస్తాయి" అనే మాట మన జిల్లాలో మొదలవుతుంది. దానికి పెద్ద ఉదాహరణ అమెరికాలో రాబర్ట్ మెక్‌నమారా. 1946లో సైన్యం లెక్కల విభాగం నుంచి ఫోర్డ్‌లో చేరిన పదిమంది జట్టులో ఒకడు. 1960 నవంబర్ 9న ఫోర్డ్ ప్రెసిడెంట్ అయినాడు. ఫోర్డ్ కుటుంబం బయటినుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి. 1961 జనవరి 21కి కెనడీ దగ్గర రక్షణ మంత్రి. వియత్నాం యుద్ధం పేరుచెప్పి ఆయన ఏడేళ్ల పనంతా కొట్టిపారేయడం అన్యాయం.

బురుజు_కర్నూలు:
"మొదటి మనిషి" తప్పు. 1903లో కంపెనీ పెట్టినప్పుడు ప్రెసిడెంట్ జాన్ గ్రే, డెట్రాయిట్ బ్యాంకరు. 1906లో చనిపోయేదాకా ఆయనే. సరిదిద్దండి.

హగరి77:
1956 ఫోర్డ్ కార్లలో సీటు బెల్టు, మెత్తటి డాష్‌బోర్డు అమ్మిందీ మెక్‌నమారా హయాంలోనే.

పెన్నా_అనంతపురం:
బురుజు సార్, గ్రే తర్వాత అని చదువుకోండి. మెక్‌నమారా అసలు పని రక్షణ శాఖ బడ్జెట్‌లో ఉంది. అంతకుముందు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు ఎవరి పద్దు వాళ్లది. ఎయిర్‌ఫోర్సు క్షిపణీ, నేవీ జలాంతర్గామి మీది పొలారిస్ క్షిపణీ చేసేది ఒకే పని. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన కాగితమే లేదు. ఈయన పద్దును పనివారీగా మార్చినాడు. అణుదాడికి ఎదురుదెబ్బ ఒక పద్దు, మామూలు యుద్ధం ఇంకోటి, రవాణా ఇంకోటి. కొన్న ధరొక్కటే కాదు, సిబ్బంది, ఇంధనం, మరమ్మతు కలిపి అయిదేళ్ల ఖర్చు చూపించాల. 1961లోనే మూడు దళాలకూ కావలసిన ఉమ్మడి సరుకు కొనడానికి ఒకే సంస్థ పెట్టినాడు. ఆ బడ్జెట్ పద్ధతి అమెరికా రక్షణ శాఖ ఆఫీసు పెంటగాన్‌లో కొద్దిగా మారి ఈరోజుకీ నడుస్తాంది.

గండికోట_కడప:
అన్నా, ఎఫ్-111 యుద్ధవిమానం గురించి ఒక్క ముక్క రాయలేదే? ఫోర్డ్‌లో ఫాల్కన్ కారునే సాగదీసి కామెట్ చేశారు, అమ్ముడుపోయింది. అదే లెక్క విమానానికి వేసినాడు. ఎయిర్‌ఫోర్సుకు కావాల్సింది నేలకు దగ్గరగా, వేగంగా, దూరం పోయే బరువైన విమానం. నేవీకి ఓడ మీద దిగే తేలికది. రెండింటికీ ఒకటే విమానమన్నాడు. ఎంపిక బోర్డు బోయింగ్ అంటే, రెండు రకాలకూ ఉమ్మడి భాగాలు వాళ్ల నమూనాలో ఎక్కువని 1962లో జనరల్ డైనమిక్స్‌కు ఇచ్చినాడు. నేవీ రకం బరువెక్కిపోయి, ఏడు తయారయ్యాక 1968లో ఆగిపోయింది.

బురుజు_కర్నూలు:
మొదటి పోస్టు ఇంకా మార్చలేదు. తప్పు అట్లే ఉంటే రేపు ఇంకొకరు దాన్నే ఎత్తి రాస్తారు.

పెన్నా_అనంతపురం:
గండికోటా, ఒక్క విమానం పట్టుకొని ఏడేళ్లు తూకమేస్తావా? కొలత లేకుంటే గొంతు పెద్దదున్నోడే నిధులు పట్టుకుపోతాడు. అదే కావాలా నీకు?

గండికోట_కడప:
నా నోట్లో మాటలు పెట్టొద్దన్నా. కొలత వద్దని నేనెక్కడన్నా? ఎవరు కొలుస్తాండారని అడుగుతాండా. కారు అమ్మితే డబ్బు గల్లాకొస్తుంది, లెక్క అబద్ధమాడితే నెల తిరిగేలోపు తెలిసిపోతుంది. వియత్నాంలో శత్రువుల శవాల లెక్క పంపింది ఆ లెక్కను బట్టే పేరొచ్చే అధికారులు. చచ్చిన రైతునూ అందులోనే రాసినారు. కాగితం మీద గెలుపు, అయినా 1967 ఆఖరుకు అక్కడ అమెరికా సైనికులు 4,85,000 మంది.

మీ అనంతపురంలోనే చూడు. వాతావరణ బీమాలో శెనక్కాయ రైతుకు పరిహారం వాన కొలిచే రెయిన్‌గేజి మిల్లీమీటర్లను బట్టి. గేజి దగ్గర వాన పడి, ఊడలు దిగే అదునులో చేను ఎండితే కాగితంలో పంట బాగున్నట్టే. చెట్టు పీకి కాయ చూసినోడు లేడు.

పెన్నా_అనంతపురం:
ఆ బాధ నాకు తెలీకనా? అయినా గేజి లేనప్పుడు కరువు రాయించుకున్నది పలుకుబడి ఉన్న ఊళ్లే. గేజి తీసేయమనకు, ఊరికొకటి పెట్టమను.

గండికోట_కడప:
పెట్టనీ. రీడింగు మాత్రం రైతుల ముందర తీయాల, వాళ్ల సంతకం ఉండాల. చేలో చదరం కొలిచి, కాయ పీకి, తూకమేసిన లెక్క కూడా దాని పక్కనే రాయాల. రెండూ కలవకపోతే చేను లెక్కే చెల్లాల. మెక్‌నమారా దగ్గర ఆ రెండో లెక్క లేదు. తప్పు చేశామని ఆయన పుస్తకంలో రాసుకున్నది 1995లో.

పెన్నా_అనంతపురం:
1967 నవంబర్ 1నే వియత్నాం మీద బాంబులాపమని అధ్యక్షుడు జాన్సన్‌కు నోట్ రాసినాడు. అదీ లెక్కలు చూసే.

గండికోట_కడప:
అప్పటికి ఆయన మంత్రై ఆరేళ్లు దాటిందన్నా.