కెనడా వెండి నాణేలు: కూగర్ మీద తెల్ల మచ్చలు, మూస్ గల్లంతు

వెండిపిచ్చి:
పోయిన నెల ఇల్లు మారుతున్న ఒకాయన దగ్గర రాయల్ కెనడియన్ మింట్ (కెనడా టంకశాల) జంతువుల నాణేలు కొన్నాను. ఔన్సు వెండివి, 5 డాలర్లని ముద్ర ఉన్నవి. 2011లో తోడేలు, గ్రిజ్లీ ఎలుగుబంటి, 2012లో కూగర్ (పెద్ద అడవి పిల్లి), మూస్ (పెద్ద కొమ్ముల దుప్పి), 2013లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటిది), వుడ్ బైసన్ (అడవిదున్నలాంటిది) వచ్చాయి. మొత్తం ఆరు. మొదటి మూడూ వేటాడేవి, తర్వాతి మూడూ వేటకు చిక్కేవి. నాకు దొరికినవి ఐదే. మూస్ తప్పించుకుంది! వేటాడేదాని పక్కన దాని వేటని పెట్టి అడవి జోడీలుగా పేర్చాలని ఉంది, ఏది దేని పక్కనో తెలియడం లేదు.

అసలు బాధ అది కాదు. కూగర్ ఒంటి మీద పాలు చిలకరించినట్టు రెండు తెల్ల మచ్చలు. కొన్నరోజు దీపం వెలుగులో కనబడలేదు, ఇంటికొచ్చి కిటికీ దగ్గర వంచి చూస్తే తెలిసింది. గుడ్డతో తుడిచాను (తిట్టకండి, ఒక్కసారే). పోలేదు. టూత్‌పేస్ట్‌తో రుద్దమంటున్నాడు మా తమ్ముడు. నకిలీదేమోనని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?

పాతచిల్లర:
టూత్‌పేస్ట్ దగ్గరికి కూడా రానివ్వకండి. రుద్దితే సన్న గీతలు పడి మెరుపు పోతుంది, మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది. వీటిని మిల్క్ స్పాట్స్ అంటాం. వెండి నల్లబడటం వేరు, అది గాలిలోని గంధకం పని. ఇవి టంకశాల నుంచే వచ్చేవి. ముద్ర కొట్టకముందు బిళ్లలను కడిగిన రసాయనం కాస్త మిగిలిపోవడమే కారణమని ఎక్కువమంది అంటారు. డబ్బాలో కదపకుండా ఉంచినా ఎప్పుడో పైకి తేలతాయి. వీటిని తగ్గించడానికే ఆ మింట్ 2018లో మింట్‌షీల్డ్ అనే పద్ధతి తెచ్చింది. మీవి అంతకు ముందువి. నా దగ్గరున్న 25 తోడేలు నాణేల గొట్టంలో ఏడింటికి మచ్చలున్నాయి, చూసీ చూసీ అలవాటైపోయింది.

మచ్చ ఉందని నకిలీ అనుకోకండి. తూకం 31.1 గ్రాములుండాలి. తర్వాత తూచే మిషన్ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా ముంచండి. అసలు వెండయితే 2.97 గ్రాముల దగ్గర చూపిస్తుంది. ఆరబెట్టేటప్పుడు గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంటే వెంటనే తీసేయండి, వాటివల్ల ఆకుపచ్చ జిగురు పడుతుంది.

అడవిబాట:
నాణెం సంగతి ఆయన చెప్పారు కాబట్టి నేను జంతువుల దగ్గరికొస్తాను. ప్రాంగ్‌హార్న్‌ది అడవి కాదండీ, గడ్డిమైదానం. కెనడాలో ఆల్బర్టా, సస్కాచెవాన్ దక్షిణాన తిరుగుతుంది. అది పరుగందుకుంటే మీ దగ్గరున్న మూడు వేటాడే జంతువుల్లో ఏదీ దాన్ని పట్టుకోలేదు. దానికి అంత వేగం ఎందుకంటే, ఎప్పుడో అంతరించిపోయిన చీతాలాంటి జంతువు తరిమిన రోజుల నాటిదని కొందరి ఊహ. వుడ్ బైసన్, తోడేళ్ల జోడీ మాత్రం అసలైనది. 1922లో పెట్టిన వుడ్ బఫెలో నేషనల్ పార్కులో తోడేళ్ల గుంపులు ఈనాటికీ వాటినే వేటాడతాయి. నన్నడిగితే తోడేలు పక్కన బైసన్‌ని పెట్టుకోండి. కూగర్‌ని ఎక్కడైనా పెట్టండి, అది ఎలాగూ ఒంటరిది.

వెండిపిచ్చి:
పాతచిల్లర గారూ, 31.1 వచ్చింది. నీళ్లలో 2.98. దారం ముడి జారి మొదటిసారి గ్లాసులో టప్పున పడింది, ప్రాణం పోయినంత పనైంది. గీత పడలేదు. తమ్ముడికి టూత్‌పేస్ట్ పళ్లకే వాడుకోమని చెప్పాను.

ఒక్కో జంతువుతో 10 లక్షల నాణేల దాకా కొట్టారట కదా, మూస్ దొరకడం కష్టం కాదనుకుని వెతికితే నిన్న ఒకటి కనబడింది. ఫొటోలో కొమ్ము పక్కనే తెల్ల మచ్చ. అందుకే చవగ్గా ఇస్తున్నారు. కూగర్‌కి తోడుంటుంది, తీసేసుకుంటున్నా.

పాతచిల్లర:
తీసుకోండి. తూచాకే డబ్బివ్వండి.