లోయలో దొరికిన శిలాజాలు ఏ పొరవో మ్యాప్‌లో ఎలా చూపించాలి?

ప్రశ్న:
పీజీ ప్రాజెక్టు కోసం ఒక నది లోయలో శిలాజాల మ్యాపింగ్ చేస్తున్నాను. రెండు ఒడ్డుల్లోనూ ఇసుకరాయి, ఎర్ర మట్టిరాయి మారిమారి వస్తున్నాయి. ప్రతి ఎముకకూ జీపీఎస్ పాయింటు, ఎత్తు రాసుకున్నాను. ఎత్తును బట్టి గ్రాఫ్ గీస్తే పై పొరల జంతువులూ కింది పొరల జంతువులూ కలిసిపోతున్నాయి. పైగా చాలా ఎముకలు రాలిపడి దొరికినవే. వాటిని వదిలేయాలా? రిపోర్టు గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఎత్తును నమ్ముకోకండి. డిప్ (పొర వాలిన కోణం) ఐదు డిగ్రీలే ఉన్నా, అది వాలిన దిక్కుగా కిలోమీటరు పోయేసరికి అదే పొర సుమారు 87 మీటర్లు కిందికి దిగిపోతుంది. మధ్యలో ఫాల్ట్ (రాళ్లు విరిగి పక్కకో కిందికో జరిగిన పగులు) ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

శిలాజాల సంగతి కాసేపు ఆపి, ఎక్కడున్నా గుర్తుపట్టగలిగే ఒక పొరను పట్టుకుని లోయ పొడవునా నడవండి. అగ్నిపర్వతపు బూడిద పొర ఉంటే అంతకన్నా కావలసిందేముంది! ఇథియోపియాలో దిగువ ఓమో లోయలోని షుంగురా శిలల్ని అలాగే విడదీశారు. ముఖ్యమైన ఒక్కో బూడిద పొరకు ఒక్కో ఇంగ్లిషు అక్షరం పెట్టి, తర్వాతి బూడిద వచ్చేదాకా ఉన్న రాళ్లన్నిటినీ ఆ అక్షరం కిందే లెక్కేశారు. మీరూ ప్రతి ఎముకా ఆ గుర్తు పొరకు ఎన్ని మీటర్లు పైనో కిందో రాయండి. కొలత మాత్రం పొరకు లంబంగా తీసుకోవాలి.

రాలినవి పారేయొద్దు, వాటికి వేరే గుర్తు వాడండి. ఎముకకు అంటుకున్న రాయి ఏ పొర రాయితో కలుస్తుందో చూడండి. తేలకపోతే, దొరికిన చోటి నుంచి గట్టు పైదాకా ఒక గీత గీయండి. చుక్క పెడితే మీకు తెలియనిది తెలిసినట్టు చూపించినట్టే.

మరో జవాబు:
నది మెట్లు (నది ఒకప్పుడు పారిన ఎత్తుల్లో ఒడ్డున మిగిలిన చదును నేలలు) ఉన్నాయేమో కూడా చూసుకోండి. నది కోసుకుంటూ దిగింది కాబట్టి సాధారణంగా కింది మెట్టు మీది గులకరాళ్లే కొత్తవి. అందులో అరిగి నున్నబడ్డ ఎముక కనిపిస్తే, అది పాత పొర నుంచి కొట్టుకొచ్చిందేమోనని అనుమానించాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఒక మట్టిరాయి పొరలో ఏమీ దొరకలేదు. ఆ కాలంలో జంతువులు లేవని రాయొచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇప్పుడే రాయొద్దు. ఆ పొర ఎంత మేర బయటపడి ఉంది, అక్కడ మీరు ఎంతసేపు వెతికారు? ఈ రెండూ ప్రతి పొరకూ పట్టికలో ఉండాలి. ఖాళీ పొర కూడా డేటానే.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. కెన్యాలో తుర్కానా సరస్సు తూర్పున ఉన్న కేబీఎస్ అనే అగ్నిపర్వతపు బూడిద పొర వయసు 26 లక్షల ఏళ్లని 1970లో ప్రకటించారు. అక్కడి పంది శిలాజాలను ఓమో పందులతో పోల్చి చూస్తే ఆ లెక్క కుదరలేదు. చివరికి వయసు సుమారు 19 లక్షల ఏళ్లకు దిగింది. ఏ పంది ఏ పొరదో ఓపిగ్గా రాసిపెట్టుకోబట్టే ఆ పోలిక వీలైంది.

ముందు మీ డిప్ రీడింగులు ఇక్కడ పెట్టండి, గుర్తు పొర ఏదవుతుందో కలిసి చూద్దాం.