దుష్ప్రచారాన్ని ఎదుర్కొనే పనిలో సైన్యం ఎంతవరకు వెళ్లవచ్చు?

ప్రశ్న:
విదేశీ శక్తులు నకిలీ ఖాతాలతో ఒక దేశ ప్రజలను తప్పుదోవ పట్టిస్తున్నప్పుడు, దాన్ని అడ్డుకునే బాధ్యతను సైన్యానికి అప్పగించవచ్చా? సరిహద్దు దాటి వచ్చే దాడి కనుక అది సైన్యం పనేనని కొందరంటారు. కానీ ఈ దాడి జరిగేది పౌరుల మాటల మధ్య. అక్కడ అడుగుపెట్టిన సైన్యం ఎక్కడ ఆగుతుందన్నదే నా భయం.

జవాబు 1:
అబద్ధం సైన్యం గురించే అయినప్పుడు సాక్ష్యం దాని చేతిలోనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ సేనలు పశ్చిమాఫ్రికా దేశమైన మాలిలోని గోసీ స్థావరాన్ని అక్కడి సైన్యానికి అప్పగించి వెళ్లిన రెండు మూడు రోజులకే, వాళ్లు అక్కడ శవాలను పూడ్చిపెట్టి వెళ్లారన్న ఆరోపణ ట్విటర్‌లో మొదలైంది. ఫ్రెంచ్ సైన్యం ఖండన ప్రకటనతో సరిపెట్టకుండా, స్థావరం సమీపంలో కొందరు ఇసుకలో శవాలను పూడుస్తున్న డ్రోన్ దృశ్యాలను బయటపెట్టి, వాళ్లు రష్యా కిరాయి సైనికులని చెప్పింది. అబద్ధం వేళ్లూనుకోకముందే ఆ దృశ్యాలు జనం ముందుకు వచ్చాయి. ఇంత వేగం మరే ప్రభుత్వ శాఖకూ సాధ్యం కాదు.

జవాబు 2:
గోసీ ఉదాహరణను ఒప్పుకుంటాను, కానీ అది కథలో సగమే. 2020 డిసెంబరులో ఫేస్‌బుక్ ఆఫ్రికా దేశాలను లక్ష్యంగా చేసుకున్న నకిలీ ఖాతాలను తొలగించినప్పుడు, వాటిలో కొన్నింటికి ఫ్రెంచ్ సైన్యంతో సంబంధమున్న వ్యక్తులతో లంకె ఉందని ప్రకటించింది. రష్యా నకిలీ ఖాతాలను ఎదిరించడానికి వీళ్లూ నకిలీ ఖాతాలనే ఆశ్రయించారు. అంతకన్నా ఘోరం ఫిలిప్పీన్స్‌లో జరిగింది. కోవిడ్ కాలంలో అమెరికా సైన్యం స్థానికుల వేషంలో ఖాతాలు నడిపి, చైనా టీకాపై అనుమానాలు నాటిందని 2024లో రాయిటర్స్ బయటపెట్టింది. చైనాతో పోటీ కోసం, జనం ప్రాణాలు కాపాడే టీకాపైనే నమ్మకాన్ని దెబ్బతీశారు. దీన్ని నేను క్షమించలేను.

జవాబు 3:
అందుకే కొన్ని దేశాలు ఈ పనిని సైన్యం చేతిలో పెట్టలేదు. విదేశీ దుష్ప్రచారాన్ని పసిగట్టడానికి ఫ్రాన్స్ 2021లో నెలకొల్పిన విజినమ్, అదే పనికి స్వీడన్‌లో 2022 జనవరి 1న మొదలైన మానసిక రక్షణ సంస్థ, రెండూ పౌర సంస్థలే. దాడి చేసేవాడి యంత్రాలను ఆపడం మాత్రం సైన్యానికి తగిన పని. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికల రోజున ఆ దేశ సైన్యంలోని సైబర్ కమాండ్, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నకిలీ ఖాతాలు నడిపే ట్రోల్ కార్యాలయానికి ఇంటర్నెట్ అందకుండా చేసింది. దానికోసం ఒక్క పౌరుడి సంభాషణలోనూ వేలుపెట్టనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
మీ ముగ్గురికీ ధన్యవాదాలు. నా భయం ఇప్పుడు ఒక్క చోటికి కుదించుకుపోయింది. సైన్యం విడుదల చేసే దృశ్యాల్లో ఏ భాగాన్ని చూపాలో, ఏ భాగాన్ని కత్తిరించాలో నిర్ణయించేది ఆ సైన్యమే కదా. అసలు ఫుటేజీని స్వతంత్ర పాత్రికేయులు పరీక్షించేలా నియమం ఉండాలని నేను కోరుకుంటున్నాను.