పరాగ్వే త్రికూటమి యుద్ధంలో గెలవాలంటే ఏ ఒక్క రోజును మార్చాలి?

ప్రశ్న

సముద్రతీరం లేని చిన్న దేశం ఒకటి ఇరుగుపొరుగు రాజ్యాలతో ఏకకాలంలో పోరాడి గెలిచినట్టు ప్రత్యామ్నాయ చరిత్రను ఊహించవలసివస్తే, నాకు మొదట స్ఫురించేది పరాగ్వే. 1864 డిసెంబరులో అది బ్రెజిల్‌కు చెందిన మాటో గ్రోసోపై దండెత్తింది. 1865 ఏప్రిల్‌లో అర్జెంటీనా నగరమైన కొరియెంటెస్‌ను ఆక్రమించింది. మే 1న ఆ రెండు దేశాలూ ఉరుగ్వేను కలుపుకొని త్రికూటమిగా ఏర్పడ్డాయి. 1870 మార్చి 1న సెర్రో కొరా వద్ద అధ్యక్షుడు ఫ్రాన్సిస్కో సొలానో లోపెజ్ హతుడయ్యేనాటికి ఆ దేశంలో మగదిక్కు లేని ఇళ్లే ఎక్కువ. ఒకే ఒక్క సంఘటనను మార్చి, తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచితే ఈ ఫలితం తారుమారయ్యేదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

మొదటి సమాధానం

నేనైతే 1865 జూన్ 11 ఉదయాన్ని మారుస్తాను. ఆ దేశానికి బయటి ప్రపంచంతో సంబంధం పరానా నది ద్వారానే. కొరియెంటెస్‌కు దిగువన రియాచుయేలో సమీపంలో లంగరు వేసిన బ్రెజిల్ నౌకాదళం సరిగ్గా ఆ దారిలోనే కూర్చుంది. తెల్లవారకముందే, నావికులు నిద్రలో ఉండగానే పక్కకు చేరి, వారి నౌకల మీదికి దూకి వాటిని స్వాధీనం చేసుకోవాలన్నది లోపెజ్ ఆజ్ఞ. నది ఒడ్డునున్న పరాగ్వే కోట హుమైటా నుంచి రాత్రివేళ బయలుదేరిన ఆవిరి నౌకల్లో ఒకటి దారిలో చెడిపోయింది. దానితో కాలహరణం జరిగి, సేనాని మేసా దళం శత్రువు కంటబడేసరికి పొద్దు బాగా పైకెక్కింది. అప్పుడైనా పక్కకు చేరక, అతడు కాల్పులు జరుపుతూ దిగువకు సాగిపోయాడు. ఆ తరువాత బ్రెజిల్ నౌక అమెజోనాస్ ఎదురొచ్చిన పరాగ్వే నౌకలను తన ముక్కుతో గుద్దుకుంటూ పోయి దళాన్ని చిన్నాభిన్నం చేసింది. దారిలో ఆ నౌక మొరాయించకపోయి ఉంటే నది తెరుచుకొనేదని, ఐరోపాలో కట్టిస్తున్న ఇనుప కవచపు నౌకలు రావడానికి దారి ఏర్పడేదని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

పై మిత్రులు ఎంచుకున్న ఉదయం ఆసక్తికరమైనదే గాని, ఆ గెలుపు ఎంతకాలం నిలిచేదన్నది నా సందేహం. నది మధ్యభాగం చేజిక్కినా, దాని ముఖద్వారం బ్యూనస్ ఎయిరెస్ చేతిలోనే ఉంటుంది. కవచపు నౌకల సంగతే చూడండి: పరాగ్వే వాటికి డబ్బు చెల్లించే స్థితిలో లేకపోవడంతో బ్రెజిల్ కొనుక్కుంది, అలా చేతులు మారిన బాహియా, 1868 ఫిబ్రవరిలో హుమైటా ఫిరంగుల ముందునుంచి దూసుకుపోయిన నౌకల్లో ఒకటి. తన కోసం కట్టించుకున్న ఓడే తన కోటను దాటివచ్చిన ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నేను మార్చదలచినది యుద్ధ ఫలితాన్ని కాదు, రెండు తేదీల వరుసను. 1866 సెప్టెంబరు 12న యతైతీ కొరా వద్ద లోపెజ్, అర్జెంటీనా అధ్యక్షుడు మీత్రే ముఖాముఖి కూర్చుని సంధి గురించి మాట్లాడుకున్నారు, ఫలితం లేకపోయింది. సరిగ్గా పది రోజుల తరువాత, 22న, కురుపైటీ యుద్ధం జరిగింది. వానలవల్ల కూటమి దాడి కొన్ని రోజులు వాయిదా పడగా, ఆ వ్యవధిలో పరాగ్వే సేనాని దియాస్ మనుషులు తడిసిన నేలలో కందకం తవ్వడం ముగించి, దాని ముందు ముళ్ల కొమ్మలను అడ్డంగా పేర్చారు. నదిలోంచి నౌకలు గంటల తరబడి కురిపించిన గుండ్లు ఎత్తైన ఒడ్డుమీది ఆ స్థావరాలకు పెద్దగా హాని చేయలేదు. బురదలో, ముళ్లలో చిక్కిన కూటమి సైన్యంలో సుమారు 4,000 మంది హతులో, క్షతగాత్రులో అయ్యారు. పరాగ్వే నష్టం వందకు లోపే. ఆ దెబ్బతో కూటమి నెలల తరబడి పెద్ద దాడికి సాహసించలేదు, ఆ ఏడాది చివర అర్జెంటీనా పశ్చిమ రాష్ట్రాల్లో తిరుగుబాటు రేగింది, దాన్ని అణచడానికి మీత్రే యుద్ధరంగాన్ని విడిచి వెళ్లవలసివచ్చింది. సమావేశం ఈ ఓటమికి ముందుగాక తరువాత జరిగి ఉంటే, మీత్రే మాట తీరే వేరుగా ఉండేది. సరిహద్దు భూములు కొన్ని వదులుకొనైనా, హుమైటాను, నదిలో రాకపోకల హక్కును, అన్నిటికంటే ముఖ్యంగా తన ప్రజలను నిలుపుకొన్న పరాగ్వే గెలిచినట్టే లెక్క.

ప్రశ్న అడిగినవారి స్పందన

కృతజ్ఞతలు. అయితే విడిగా సంధి చేసుకోరాదని త్రికూటమి ఒప్పందంలోనే ఉంది కదా? లోపెజ్ ప్రభుత్వాన్ని తొలగించేవరకు ఆయుధాలు దించరాదన్న షరతును బ్రెజిల్ చక్రవర్తి రెండవ పేద్రో సడలించేవాడా?

మూడవ సమాధానం

సడలించేవాడు కాదు; ఆయన పట్టుదల జగమెరిగినదే. కాని అర్జెంటీనా తప్పుకుంటే, కొరియెంటెస్ గుండా సాగే సరఫరా బ్రెజిల్‌కు దుర్లభమయ్యేది. అందువల్ల రెండవ సమాధానంతోనే నేను ఏకీభవిస్తాను.

ఇంకొక మాట. పరాగ్వే గెలిచిన యుద్ధం నిజ చరిత్రలోనే ఉంది: 1932-35 నాటి చాకో యుద్ధం, అదీ తనలాగే తీరం లేని బొలీవియా మీద. ఈసారి పరాగ్వే నది శత్రువు వచ్చే దారి కాదు, తన సైన్యానికి వెనుకనుంచి తిండిని, మందుగుండును అందించే దారి. నది ఒడ్డున ఉన్న ప్యూర్టో కసాడో నుంచి చిన్న రైలుమార్గం రెండు దేశాల మధ్యనున్న చాకో మైదానం లోపలికి పోయేది. బొలీవియా సైనికులు ఎత్తైన పీఠభూమి నుంచి దిగి, నీళ్లు లేని ముళ్లపొదల్లోకి రావలసివచ్చింది. అయినా పరాగ్వే సేనాని ఎస్తిగర్రిబియా సైన్యం ఆండీస్ పాదాలకు చేరేసరికి దాని సరఫరా తీగ సాగినంతా సాగిపోయింది, 1935 జూన్‌లో రెండు పక్షాలూ కాల్పులు ఆపాయి, 1938 ఒప్పందంలో చాకోలో అధికభాగం పరాగ్వేకు దక్కింది.