బస్తా ఎత్తేటప్పుడు ఇద్దరికీ టైమింగ్ కుదరట్లేదు, ఏం చెయ్యాలి?

దాళ్వా రైతు:
మాది ముమ్మిడివరం దగ్గర. కోత అయింది, మబ్బు పడుతోంది, బస్తాలు మోసే ముఠా వాళ్ళు దొరకలేదు. దాంతో నేనూ మా అక్క వాళ్ళాయన బావగారూ దిగి ధాన్యం ట్రాక్టర్లోకి ఎక్కిస్తున్నాం. బస్తా 75 కిలోలు. ఇద్దరికీ బలం ఉంది, లేనిది టైమింగే. "ఒకటి, రెండు, మూడు" అని నేనే చెప్తాను, నేనేమో మూడు అంటూనే ఎత్తేస్తాను, బావగారు మూడు విన్నాక ఎత్తుతారు. ఆ కాస్త తేడాకే బస్తా వంకరపోయి నా చెయ్యి గుంజేస్తోంది. నిన్న ఒకటి తొట్టి అంచుకి తగిలి వెనక్కొచ్చేసింది, నా మణికట్టు బెణికింది. అసలు నన్ను తొలిచేస్తున్న ప్రశ్న వేరే ఉంది. మా నాన్నతో పదేళ్ళు ఇదే పని చేశాను, ఒక్కరోజు కూడా లెక్కపెట్టుకోలేదు, మాట్లాడుకోలేదు, బస్తా దానంతటదే లేచినట్టుండేది. నాన్న పోయి రెండేళ్ళయింది కాబట్టి అడుగుదామంటే ఆయన లేరు. అది ఎలా కుదిరేది?

రాజోలు పెద్దాయన:
బాబూ, నా చిన్నప్పుడు మా మెరక చేలకి కాలవ నీరు ఎక్కేది కాదు, నేనూ మా అన్నయ్యా గూడ, అంటే తాళ్ళు కట్టిన నీళ్ళు తోడే బుట్ట, వేసేవాళ్ళం. ఈ తరం వాళ్ళు చూసి ఉండరు. ఇద్దరం గుంటకి చెరో పక్కా నిలబడతాం, మధ్యలో గూడ, ఒక్కొక్కరి చేతిలో రెండేసి తాళ్ళు, ఒకటి గూడ నోటి దగ్గర కట్టింది, ఇంకోటి అడుగున. వెనక్కి ఊపి నీట్లో ముంచి ముందుకి లాగి, గట్టు మీదకి వచ్చేసరికి అడుగు తాడు పైకి లాగితే నీళ్ళు బోదెలో పడాలి. ఒకరు వేలెడంత ముందు లాగినా గూడ ఒరిగిపోయి నీళ్ళన్నీ మళ్ళీ గుంటలోకే. మొదటి రోజు నేను అన్నయ్య మొహం చూస్తూ లాగేవాణ్ణి, సగం నీళ్ళు కూడా గట్టెక్కలేదు. మొహం చూడకు, తాడు చూసుకో అన్నాడు. తాడు అంటే కళ్ళతో కాదు, అరిచేతితో. అవతలి వాడు లాగబోతున్నాడని తాడు బిగువు ముందే చెప్తుంది. వదులుగా పట్టుకుంటే మాత్రం ఏమీ తెలీదు.

ఫిజియో స్టూడెంట్:
పెద్దాయనగారు చెప్పిన మాట చదివి ఆగలేకపోయాను, ఎందుకంటే దాన్ని ల్యాబులో కూడా చూశారండీ. 2011లో వాన్ డెర్ వెల్, నోబ్లిక్, సెబాంజ్ అనే ముగ్గురు ఒక కర్రకి రెండు పక్కలా తాళ్ళు కట్టి అటూ ఇటూ ఊపించారు, ఒకసారి ఒక్కరి చేతే రెండు తాళ్ళూ పట్టించి, ఇంకోసారి ఇద్దరి చేత చెరొకటి. ఇద్దరు చేసినప్పుడు ఒకరి లాగుడు పూర్తవకుండానే రెండోవారి లాగుడు మొదలవుతోంది, అంటే రెండు తాళ్ళూ ఒకేసారి బిగువుగా ఉండే సమయం పెరిగింది. పైకి చూస్తే బలం వృథా, కానీ ఆ బిగువులోంచే ఒకరి కదలిక ఇంకొకరికి తెలుస్తోందని వాళ్ళు తేల్చారు.

అన్నయ్యా, మీ "మూడు" సంగతి: శబ్దం విన్నాక చెయ్యి కదలడానికి మామూలుగా 0.15 నుంచి 0.2 సెకను పడుతుంది. అందుకే బావగారు ఎప్పుడూ వెనకే ఉంటారు, అది ఆయన తప్పు కాదు. లెక్క సమానమైన తాళంలో ఉంటే మెదడు మూడో దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే ఊహించుకుంటుంది, మీరు ఆయాసంలో ఒకసారి గబగబా, ఒకసారి నెమ్మదిగా అంటుంటే ఊహించడానికేమీ ఉండదు. నాన్నగారు ఎత్తేముందు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. మాట కాకుండా ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

అంబాజీపేట కుర్రాడు:
నేను కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన దేవుడి వాహనం, అందరితో కలిసి మోస్తాను, కౌశిక ఏట్లో దిగి దాటించేటప్పుడు కాళ్ళ కింద ఒండ్రు, నీళ్ళలో పాదం కనపడదు, భుజం మీద బరువు ఎటు వాలుతోందో దాన్ని బట్టే అడుగు. "అశ్శరభ శరభ" అనే కేక భక్తే, కానీ అందరి ఊపిరినీ ఒకచోటికి తెచ్చేది కూడా అదే. ఒక మాట గట్టిగా చెప్తున్నాను బ్రో, బెణికిన చేత్తో బస్తా ఊపొద్దు. ఇంకొకర్ని పిలిచి అడుగున చెయ్యి వెయ్యమను, లేదంటే చెక్క పలక వాల్చి దాని మీదుగా జరిపెయ్యండి. టైమింగ్ రేపు నేర్చుకోవచ్చు.

దాళ్వా రైతు:
ఇవాళ మా పాలేరు కుర్రాణ్ణి కింద చెయ్యి వేయమని ముగ్గురం ఎక్కించాం, 40 బస్తాలు అయిపోయాయి. చెల్లెమ్మా, మీరు అడిగింది రాత్రంతా ఆలోచించాను. పొద్దున మొదటి బస్తా చెవి పట్టుకోగానే గుర్తొచ్చింది. నాన్న వంగి పట్టు దొరికాక వెంటనే ఎత్తేవారు కాదు, బస్తాని కొంచెం, బెత్తెడు కూడా ఉండదు, తన వైపుకి లాగి ఆగేవారు. నా వైపు గోనె బిగిసేది. నేను తిరిగి కొంచెం లాగేవాణ్ణి. అప్పుడు లేచేది. పదేళ్ళు చేశాను, అలా చేస్తున్నానని నాకే తెలీదు. బావగారికి చెప్పాను, చెప్పకుండా ఒకసారి లాగి చూపించాను కూడా. ఐదో బస్తాకి ఆయన తిరిగి లాగారు.