హాస్టల్ దెయ్యాలు, లెక్చరర్ల మారుపేర్లు: సేకరణ ఎలా?

గంటస్తంభం:
ఎం.ఏ. ప్రాజెక్టుకి విజయనగరంలో రెండు డిగ్రీ కాలేజీల విద్యార్థి జానపదం సేకరించాలి. గూగుల్ ఫారంలో వచ్చినవన్నీ 'మా హాస్టల్లో దెయ్యం ఉందంటారు' లాంటి ఒంటి వాక్యాలే. పైగా ఇది అసలు జానపదమేనా అని గైడు గారి సందేహం.

నాగావళి:
గైడు గారికి అమెరికా జానపద పరిశోధకుడు అలన్ డండెస్ నిర్వచనం చూపించండి. ఏదో ఒక్క విషయం ఉమ్మడిగా ఉన్న ఏ గుంపైనా జానపద సమూహమే. ఒకే మెస్సులో సాంబారుని తిట్టుకునేవాళ్లు చాలు.

ఫారం పక్కన పెట్టండి. కథ సాగాలంటే ఎదురుగా ఊఁ కొట్టేవాళ్లుండాలి. ముగ్గురు నలుగురు స్నేహితుల్ని కలిపి కూర్చోబెడితే, ఒకడు మొదలెట్టగానే ఇంకొకడు "అలాక్కాదురా" అని అందుకుంటాడు. ఆ దిద్దుబాటే మీకు కావలసిన పాఠాంతరం, అంటే అదే కథకి ఇంకో రూపం. అంతకంటే ఎక్కువమందైతే ఏ గొంతు ఎవరిదో తేలదు. "దెయ్యం కథ చెప్పండి" అంటే నవ్వి కొట్టిపారేస్తారు. "ఆ గదికి తాళం ఎందుకేశారు?", "హాల్ టికెట్ రాగానే పైడితల్లమ్మ గుడికి ఎవరెవరు వెళ్తారు?" అని అడగండి.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో, మడతపెట్టిన తువ్వాలు మీద, జానెడు దూరంలో. బల్లమీద నేరుగా పెడితే ప్రతి తట్టూ రికార్డవుతుంది. ఫ్యాను ఆపాల్సిందే, ఉక్కపోసినా సరే. పది నిమిషాల మాట రాయడానికి గంటకి పైనే పడుతుంది కాబట్టి అరగంట దాటనివ్వకండి. ఎవరి దగ్గర విన్నాడు, ఏ సంవత్సరంలో విన్నాడు, నమ్మి చెప్పాడా నవ్వుతూ చెప్పాడా అన్నవి ఆ రాత్రే రాసెయ్యాలి. మొదటిది లేకపోతే సీనియర్ నుంచి జూనియర్‌కి వచ్చిన దారి దొరకదు.

బెంచీ రాతలకి తొందరపడండి, సెలవుల్లో రంగేసేస్తే పోయినట్టే. పక్కన కొలతకి రూపాయి బిళ్ల పెట్టి, టార్చి ఏటవాలుగా కొట్టి ఫొటో తీస్తే చెక్కిన గీతలు తేలతాయి.

వంశధార:
ఒక్క మాట. "ఏటి", "బేగి", "ఎల్లిపోనాడు" అని వినబడితే అలాగే రాయండి. పుస్తకం భాషలోకి దిద్దితే టెక్కలి కుర్రాడికీ సాలూరు కుర్రాడికీ తేడా మిగలదు. శ్రీకాకుళం గడ్డమీద పుట్టి వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల పాటలూ కథలూ వాళ్ల నోటివెంటే రాసుకున్నారు. మనకి ఇంటిభాష దగ్గరే నామోషీ.

గంటస్తంభం:
మోటిఫ్ నంబర్లు వెయ్యాలా? మారుపేర్ల సంగతేంటి?

నాగావళి:
కథల్లో మళ్లీమళ్లీ కనబడే అంశాలకి (మోటిఫ్‌లకి) నంబర్లిచ్చిన థామ్సన్ సూచికలో చచ్చిపోయినవాళ్లది 'ఇ' విభాగం. హైవే మీద లిఫ్టడిగి మాయమయ్యే మనిషి దొరికితే ఇ332.3.3.1. కానీ నంబరుతో విశ్లేషణ అయిపోదు. ఒకే కథకి మూడు పాఠాలు పక్కపక్కన పెట్టి ఏది నిలిచిందో, ఏది మారిందో గుర్తించండి. గది నంబరు మారుతుంది, "మా సీనియర్ సీనియర్‌కి జరిగింది" అన్న మాట మారదు. డిగ్రీ మూడేళ్లకి చెప్పేవాళ్లంతా మారిపోతారు కాబట్టి పాత బ్యాచుల్నీ కదపండి.

మారుపేర్లలో అసలుపేరు రాయకండి, 'లెక్చరర్-1' చాలు. అది నడకని బట్టి పుట్టిందా, ఊతపదాన్ని బట్టా అన్నది ముఖ్యం. ఊతపదం రాస్తే సబ్జెక్టూ కాలేజీ తీసెయ్యండి, లేకపోతే ఊరంతా పోల్చేస్తుంది.

ర్యాగింగ్ మాటలు వస్తే జాగ్రత్త. 1997 నుంచి మన రాష్ట్రంలో దానికి ప్రత్యేక చట్టముంది. పాత కథైతే పేర్లు లేకుండా రాసుకోండి. ఇప్పుడు జరుగుతున్నదైతే రికార్డింగ్ ఆపి, ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో ఆ కుర్రాడికి చెప్పండి.